ప్రభువుగారికి ఇంకా ప్రాణం ఉంది

మిజుగకి నొరిఫుసా ప్రభువు చనిపోయిన ఉదయం ఎడో నగరంలోని ఆయన భవనంలో ఒక్కరు కూడా ఏడవలేదు. ఏడవకూడదని ఆయన భార్య రిత్సు ఆజ్ఞ.

పోవడం కూడా వీరుడిలా పోలేదు పాపం. ముఖం కడుక్కుని, ఫలహారం ముందు కూర్చుని, పులుసు గిన్నె చేతిలోకి తీసుకుని, "అప్పుడే ఎండ ఎక్కిందే" అన్నాడు. అంతే, పక్కకు ఒరిగిపోయాడు. ఏడాదిగా కాళ్ళు వాస్తూనే ఉన్నాయి. ఎడోకు వచ్చి మల్లెపువ్వులాంటి తెల్లన్నం తినే పెద్దింటి వాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. ముతక బియ్యం తినే పల్లెల్లో దాని పేరు కూడా ఎవరికీ తెలియదు. కాళ్ళలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు, గుండెకు ఎక్కాక లెక్కచెయ్యడానికి మనిషి మిగలడు.

ఆ సమయానికి గదిలో ఉన్నది ముగ్గురే. ఒకరు రిత్సు. రెండోది ఒమాచి, ప్రభువుకు పాలిచ్చి పెంచిన దాది, డెబ్బై దాటిన ముసలిది. మూడోవాడు నెగిషి. ప్రభువు నోట్లోకి వెళ్ళే ప్రతి ముద్దా ముందు తన నోట్లో వేసుకుని, విషం లేదని తేల్చడం అతడి ఉద్యోగం. ప్రభువు ఒరగ్గానే నెగిషికి ముచ్చెమటలు పోశాయి.

"నేను తాగానమ్మగారూ! ఇదే గిన్నెలోది, రెండు గుక్కలు తాగాను. చూడండి, నేను బాగానే ఉన్నాను. నాకేం కాలేదు!"

"నీకేం కాలేదని కనిపిస్తూనే ఉందిలే, నోరు మూసుకో" అంది రిత్సు.

ఆమె భర్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మెడమీద చెయ్యి పెట్టి చూసింది. పెదవుల మీద అంటిన పులుసు తన అంగీ పొడుగు చేతి అంచుతో తుడిచింది. కళ్ళు మూసింది. ఒమాచి నోరు తెరిచి గుండెలు బాదుకోబోతుంటే ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. నువ్విప్పుడు ఏడిస్తే ఈ ఇల్లు సాయంత్రానికి ఉండదు."

"నా చిన్నబాబు పోయాడమ్మా!"

"పోలేదు. ఒంట్లో బాగాలేదు. ఏం చెప్పాను? ఒంట్లో బాగాలేదు." తర్వాత నెగిషి వైపు తిరిగింది. "వెళ్ళి గెన్బెయ్ గారిని పిలుచుకురా. పరిగెత్తకు. నీ మొహం చూస్తే కుక్కకు కూడా అర్థమైపోతుంది. దారిలో ఎవరన్నా అడిగితే పంటినొప్పి అని చెప్పు."

ఇంత కంగారెందుకో తెలియాలంటే మిజుగకి వంశం సంగతి కొంచెం చెప్పుకోవాలి. రెండు వందల ఏళ్ళ కిందట, దేశంలో కొండకో కోట, కోటకో రాజు ఉన్న రోజుల్లో, ఉత్తర సముద్రం ఒడ్డున షియోసె అనే చోట కగెతోకి అనేవాడు ఉండేవాడు. వంశావళి రాసిన పండితులు ఆయన్ని తీసుకెళ్ళి ఏదో చక్రవర్తి కొడుకు మనవడికి ముడిపెట్టారు. రేవు దాటే పడవల దగ్గర సుంకం గుంజుకునే రౌడీ అని షియోసె బెస్తవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకైతే బెస్తవాళ్ళ మాటే నమ్మబుద్ధవుతుంది. ఏదైతేనేం, పొరుగు రాజు సైన్యం వస్తే ఆ రౌడీ తన రేవును వానాకాలం పొడుగునా వదలకుండా నిలబడ్డాడు. తూటాలు అయిపోతే వాళ్ళమ్మ బుద్ధాలయం గంట దింపించి కరిగించింది. సన్యాసులు శాపనార్థాలు పెడితే, "పిల్లి శాపాలకు ఉట్టి తెగుతుందా" అందట ఆ తల్లి. రేవు చేజారలేదు. రేవు మీద కోట లేచింది, కోట చుట్టూ రాజ్యం పెరిగింది.

ఆ తర్వాత దేశం రెండు పక్షాలుగా చీలి కొట్టుకున్న మహాయుద్ధం వచ్చింది. కగెతోకి మనవళ్ళలో పెద్దవాడు ఒక పక్షంలో చేరాడు, చిన్నవాడు రెండో పక్షంలో చేరాడు. విడిపోయే ముందు ఇద్దరూ ఒకే గిన్నెలో సారా తాగి, ఎవరు గెలిచినా రెండోవాడి పిల్లల్ని తన పిల్లల్లా చూసుకోవాలని ఒట్టేసుకున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే వంశం అని గిట్టనివాళ్ళు ఎగతాళి చేశారు. చెయ్యనీ. చిన్నవాడు ఓడి తల పోగొట్టుకున్నాడు. పెద్దవాడు, యుద్ధం గెలిచి దేశాన్నేలే సేనాధిపతి అయిన షోగున్ ముందు సాష్టాంగపడి, తమ్ముడి పిల్లల ప్రాణాలు అడిగి తెచ్చుకున్నాడు. ఎగతాళి చేసిన వంశాల్లో సగానికి ఇవాళ దీపం పెట్టే దిక్కు లేదు. మనిషి పోవచ్చు, వంశం పోకూడదు. మిజుగకి వాళ్ళ ఇంట్లో పిల్లలకు ఉగ్గుతో పాటు పోసే మాట అదొక్కటే.

అన్ని యుద్ధాలు దాటిన వంశం ఇప్పుడు పులుసు గిన్నె ముందు తెగిపోబోతోంది. వారసుడు లేకుండా ప్రభువు కన్ను మూస్తే కోట, భూములు, అన్నీ షోగున్ వశమవుతాయి. ఆ ఇంటి కత్తి పట్టిన మగాళ్ళందరూ పెళ్ళాం పిల్లలతో సహా వీధిన పడాలి. నొరిఫుసాకు ఒక్కడే కొడుకు పుట్టాడు. వాణ్ణి మశూచి తీసుకుపోయింది. ఇంకొకడు పుట్టకపోతాడా అని ఆయన దత్తత మాట వాయిదా వేస్తూ వచ్చాడు. ప్రాణం పోయేటప్పుడైనా దత్తత తీసుకోవచ్చునని చట్టంలో ఒక సందు ఉంది. కాకపోతే షోగున్ తనిఖీ అధికారి స్వయంగా ఇంటికి వచ్చి, ప్రభువు బతికే ఉన్నాడని, తన ఇష్టంతోనే ముద్ర వేస్తున్నాడని కళ్ళారా చూడాలి.

రిత్సుకు ఆ వీధిన పడడం ఏమిటో తెలుసు. ఆమె అమ్మ పుట్టిల్లు అలాగే పోయింది. చిన్నప్పుడు పల్లకీలో వంతెన దాటుతుంటే, కింద చాపమీద కూర్చుని గొడుగు పుల్లలు చెక్కుతున్న మనిషిని చూసింది. మేనమామకు కత్తిసాము నేర్పిన గురువు ఆయన. ఆమెను చూసి ఆయన లేచి నిలబడబోయి, ఒంటిమీద ఉన్న చిరుగులు గుర్తొచ్చి, గొడుగు తెరిచి దాని వెనక దాక్కున్నాడు. ఆ మనిషి సిగ్గును రిత్సు ఈనాటికీ మర్చిపోలేదు. షియోసెలో ఈ ఇంటి కొలువు మీద బతికే గుమ్మాలు ఎనిమిది వందలు ఉన్నాయి.

గెన్బెయ్ వచ్చాడు. ఎడో భవనం వ్యవహారాలన్నీ చూసే పెద్ద దివాను ఆయన. ఒక్క చూపులో సంగతి గ్రహించి చాపమీద కూలబడ్డాడు.

"అయిపోయింది అమ్మగారూ. అంతా అయిపోయింది."

"ఏమీ అవ్వలేదు. లేవండి. దత్తతకు అనుమతి కోరుతూ ఇప్పుడే అర్జీ పంపండి. ప్రభువుగారికి జబ్బు ముదిరిందని రాయండి."

"తనిఖీకి ఎవర్ని పంపుతారో తెలుసా? కనమారు హ్యోబు. నిరుడు ఇసొబె వారింట్లో ఏం జరిగిందో మర్చిపోయారా? వాళ్ళూ ఇలాగే చేశారు. పడక పక్కన కూర్చున్నవాడు ఆపుకోలేక ఒక్కసారి వెక్కాడు. ఆ వెక్కిన చప్పుడు విని కనమారు ఆ వంశాన్నే తుడిచిపెట్టాడు. ఆయన కళ్ళు గద్ద కళ్ళమ్మా."

"అయితే మనింట్లో ఎవరూ వెక్కకూడదు."

గెన్బెయ్ కాగితం ముందుకు లాక్కున్నాడు. "దత్తతకు ఎవర్ని రాయమంటారు?"

"మునెచికా గారి రెండో కొడుకుని రాయండి."

ముసలాయన తల ఎత్తి ఆమె వంక వింతగా చూశాడు. మునెచికా ప్రభువుకు పినతండ్రి. రిత్సు కొడుకు పోయిన ఏడాదే, బూడిద ఇంకా చల్లారక ముందే, "గొడ్డు నేలలో విత్తనం చల్లుతూ ఎన్నాళ్ళు కూర్చుంటావు, ఆవిణ్ణి పుట్టింటికి పంపెయ్" అని నిండు సభలో అన్న మహానుభావుడు. ఆ మాటకే నొరిఫుసా ఆయనతో మాటలు మానేశాడు.

"ఆ ఇంటి పిల్లవాడా అమ్మగారూ?"

"ఆ అబ్బాయి బుద్ధిమంతుడు. కగెతోకి రక్తం. తండ్రి నోరు మంచిది కాదని కొడుకుని వదులుకుంటామా? నా రోషం ఎనిమిది వందల ఇళ్ళకు అన్నం పెడుతుందా? రాయండి."

ఆయన రాశాడు. ఇంటి వైద్యుడి చేత కూడా నోరు విప్పనని కత్తిమీద ఒట్టు వేయించి, జబ్బు తీవ్రంగా ఉందని రాయించాడు. ఇక తనిఖీ అధికారి వచ్చేదాకా చనిపోయినవాణ్ణి బతికించి ఉంచాలి.

అది ఎంత పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. పెద్ద వాళ్ళ ఇళ్ళలో గోడలకు చెవులే కాదు, ముక్కులు కూడా ఉంటాయి. ఎండాకాలం. వాసన రాకుండా ఉండాలంటే ఏదో ఒకటి కాల్చాలి. అగరు వెలిగిస్తే శవం ఉందని వీధిలో వాడికి కూడా తెలిసిపోతుంది. వైద్యం పేరు చెప్పి రిత్సు ఎండిన మాచిపత్రి పొడి కుప్పలు కుప్పలు కాల్పించింది. దోమతెర దింపించి, ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పూటపూటా వంటశాల నుంచి జావ వచ్చేది, పైన ఉప్పులో ఊరిన రేగుపండంత పుల్లకాయ ఒకటి. గిన్నె నిండుగా తిరిగి వెళ్తే వంటవాళ్ళు గుసగుసలాడతారు. అందుకని భర్త శవం పక్కన కూర్చుని ఆ జావ రిత్సే తాగేది. మొదటి పూట కక్కుకుంది. కక్కుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ తాగింది. గిన్నె ఖాళీగా వెళ్ళింది. "ప్రభువుగారు ఇవాళ బాగా తాగారు" అని వంటశాలలో సంతోషపడ్డారు.

రోజూ అద్దం ముందు కూర్చుని, ఆ దేశపు పుణ్యస్త్రీలు వేసుకున్నట్టే పళ్ళకు నల్లరంగు వేసుకునేది. పెదవులకు ఎరుపు పూసుకునేది. విధవరాలు చెయ్యకూడని పనులన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేసింది.

ఒమాచితోనే పెద్ద చిక్కొచ్చింది. ముసలిదానికి వంశం, చట్టం, షోగున్, ఏవీ పట్టలేదు. ఆమెకు పట్టిందల్లా బాబు.

"తల ఉత్తరానికి తిప్పండమ్మా. చచ్చినవాళ్ళకి అలాగే కదా వెయ్యాలి. ఇట్లా బతికున్నవాడిలా పడుకోబెడితే, తను పోయానని వాడికెలా తెలుస్తుంది? దారి దొరక్క ఈ ఇంట్లోనే తిరుగుతాడు."

"తిరగనీ. కొన్నాళ్ళు తిరిగితే ఏమీ కాదు."

"గుండెమీద కత్తి అయినా పెట్టనివ్వండి. దయ్యాలు దగ్గరికి రాకుండా."

"వద్దన్నానా!"

"మీది గుండె కాదమ్మా, తిరగలి రాయి. వాడికి జలుబు చేస్తే నేను నోటితో ముక్కు పీల్చి పెంచాను. మీరు వాణ్ణి అడ్డుపెట్టుకుని బొమ్మలాట ఆడుతున్నారు."

మరొకరైతే ఆ మాటకు ముసలిదాన్ని గెంటించేసేవారు. రిత్సు మరో పిడికెడు మాచిపత్రి పొడి నిప్పుల్లో వేసింది. ఒమాచి అన్నదాంట్లో అబద్ధమేమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు మార్చుకునే ఉద్దేశం మాత్రం లేదు.

ఇక మిగిలింది గొంతు. అధికారి పలకరిస్తే ప్రభువు పలకాలి. ఆ సంగతి గెన్బెయ్ బెంగగా ఎత్తేసరికి రిత్సు నెగిషిని పిలిపించింది.

"నువ్వు సారా తాగిన రోజుల్లో మా ఆయన గొంతు అనుకరించి అందర్నీ నవ్విస్తావట కదా?"

నెగిషి ప్రాణాలు మళ్ళీ పైకెగిరాయి. "అయ్యయ్యో, ఎవడమ్మా ఆ మాట చెప్పింది? ఒక్కసారే, అదీ పక్కవాళ్ళు బలవంతపెడితే..."

"ఏదీ, దగ్గు."

"అమ్మగారూ?"

"దగ్గమంటున్నాను."

నెగిషి గొంతు సవరించుకుని దగ్గాడు. ముందు పొడిగా రెండు, తర్వాత విసుగ్గా ఒకటి. దోమతెర అవతల ఒమాచి ఉలిక్కిపడి పడక వైపు చూసింది. అంత అచ్చంగా ఉంది.

"సరిపోతుంది. ఆ రోజు దుప్పటి కింద, ఆయన వీపు వెనక పడుకో. అడిగితే 'ఊఁ' అను, దగ్గు. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడావంటే నీ నాలుక కోయిస్తాను."

"నాలుక పోతే రుచెలా చూస్తానమ్మా" అని గొణుక్కుంటూ వెళ్ళాడు నెగిషి.

కనమారు హ్యోబు చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ అంతే. రిత్సు ఇంకా పక్కగదిలో బట్టలు మార్చుకుంటోంది. పల్లకీ ముంగిట దిగిందన్న కబురు విని, నడుము పట్టీ బిగించుకుంటూనే పక్క తలుపులోంచి వచ్చి పడక దగ్గర కూర్చుంది. గదికీ వసారాకూ మధ్య వెదురు తెర వేలాడుతోంది. దాని అవతల కనమారు, ఆయన పక్కన గెన్బెయ్ కూర్చున్నారు. ఇవతల ఆకుపచ్చ దోమతెరలో నొరిఫుసా, ఆయన వీపు వెనక దుప్పటి కింద నెగిషి, ఒక మూల ఒమాచి. లోపలి మనుషులు నీడల్లా కనిపిస్తారు, అంతే. కనమారు సన్నటి మనిషి. తనిఖీకి వెళ్ళిన ఇంట్లో టీ కూడా ముట్టడని పేరు. ముందు పెట్టిన టీ కప్పును వేలితో పక్కకు జరిపాడు.

"ప్రభువుగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

"ఊఁ" అంది దుప్పటి. పొడిగా దగ్గింది.

రిత్సు కొంచెం ఊపిరి తీసుకుంది. అప్పుడే, వెదురు తెర అవతల గెన్బెయ్ మొహం చూసింది. ముసలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కళ్ళు ఆమె వెనక ఎక్కడో అతుక్కుపోయాయి. రిత్సు మెల్లగా తల తిప్పింది.

ప్రభువు తలవైపు, దోమతెర బయట, వసారా వెలుతురు పడే చోట నిలబెట్టిన మడత తెర తలకిందులుగా ఉంది. దానిమీద పైన్ చెట్టు వేళ్ళు ఆకాశంలో ఉన్నాయి. కొంగలు కాళ్ళు పైకి, తలలు కిందికి పెట్టి ఉన్నాయి. శవం పడుకున్న చోట తప్ప ఆ దేశంలో ఏ ఇంట్లోనూ తెరను అలా నిలబెట్టరు. చావు ఇంట్లో అన్నీ తిరగేసి చేస్తారు, అది అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. తను బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిన ఆ కాస్త వ్యవధిలో ముసలిది పని పూర్తి చేసింది. మూలన కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. తప్పు చేసినదానిలా లేదు. బాబుకు ఆ ఒక్కటైనా చేశానన్న తృప్తి ఆ ముడతల మొహంలో స్పష్టంగా ఉంది.

"అమ్మగారూ" అన్నాడు కనమారు, ఏమాత్రం తొందర లేకుండా. "ఒక సందేహం. ఆ మడత తెర."

చెట్లమీద కీచురాళ్ళు ఒక్కటే మోత. దుప్పటి కింద నెగిషి వణుకుతున్నాడు. ఆ వణుకు పరుపు మీదుగా వచ్చి ఆమె మోకాలికి తగులుతోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఇప్పుడు ఎవరైనా లేచి ఆ తెర సరిచేస్తే కథ అక్కడితో సరి. రిత్సు లేవలేదు. నవ్వింది. నల్లటి పళ్ళు అన్నీ కనిపించేలా, మొగుడి మీద విసుక్కునే ఇల్లాలిలా నవ్వింది.

"అదా! ఏం చెప్పమంటారు, రోగిష్టి మనిషి చాదస్తం. పడుకుని కళ్ళెత్తి చూస్తే కొంగలన్నీ తలకిందులై నేలమీద పడిపోతున్నట్టు కనిపిస్తున్నాయట. 'అవి అలా పడుతుంటే నాకు నిద్రెలా పడుతుంది, తిప్పి పెట్టండి' అని ఒకటే గోల. అశుభం బాబూ అని దాది నెత్తీ నోరూ కొట్టుకుంది. వింటేగా! జబ్బు మనిషితో ఎన్నని వాదిస్తాం? ఇక చూడలేక తిప్పి పెట్టించాను. మీకు నమ్మకం లేకపోతే ఇలా వచ్చి ఆయన పక్కన పడుకుని చూడండి. అక్కణ్ణుంచి సరిగ్గానే కనిపిస్తాయి."

షోగున్ అధికారిని రోగి పక్కన పడుకోమన్న ఆడది ఆ రాజ్యంలో ఇంతకు ముందు లేదు. గెన్బెయ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కనమారు నవ్వలేదు, కోపగించుకోలేదు. మెడ ఒక పక్కకు, ఇంకొంచెం పక్కకు, చెవి భుజానికి ఆనేదాకా వంచి ఆ తెరవంక చూశాడు. తర్వాత మెడ నిటారుగా పెట్టుకుని, ఈసారి రిత్సును కాదు, పడకనే అడిగాడు.

"ప్రభువుగారూ, కొంగలు ఇప్పుడెలా ఉన్నాయి?"

"ఊఁ" అంటే కుదరని ప్రశ్న అది. నాలుక కోయిస్తానన్న తన మాట గుర్తొచ్చి రిత్సు తనను తానే తిట్టుకుంది. దుప్పటి కింద నెగిషి వణుకు ఆగిపోయింది. పొడిగా రెండు దగ్గులు, విసుగ్గా ఒకటి. ఆ తర్వాత గొంతు.

"ఇప్పుడు... ఎగురుతున్నాయి."

అచ్చం ఆయనే. నిద్ర మధ్యలో లేపితే చిరాకుపడుతూ, చిరాకులోనే మెత్తబడే గొంతు. ఇరవై ఏళ్ళు పక్కన పడుకుని విన్న గొంతు. రిత్సు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. వెక్కితే వంశం పోతుంది. ఆమె బుగ్గ లోపలి కండను నల్లటి పళ్ళతో కొరికిపట్టింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. మింగేసింది.

"అయితే ముద్ర కానివ్వండి" అన్నాడు కనమారు.

గెన్బెయ్ దత్తత పత్రం వెదురు తెర కిందనుంచి లోపలికి జరిపాడు. దోమతెరలోకి వంగి రిత్సు భర్త చేతిని తన చేతిలోకి తీసుకుంది. "ఓపిక తెచ్చుకోండి. ఒక్క నిమిషం, అంతే" అంది, అవతలివాళ్ళకు వినబడేంత గట్టిగా. తర్వాత వినబడకుండా, "నా మీద కోపం పెట్టుకోకండి" అంది. ఆ చల్లటి వేళ్ళను ముద్ర చుట్టూ మూసి, వాటిమీద తన వేళ్ళు మూసి, పత్రంమీద నొక్కింది. ఎర్రటి గుర్తు ఎక్కడా చెదరకుండా పడింది. తనను గొడ్డు నేల అన్నవాడి కొడుక్కి ఆ విధంగా రెండు వందల ఏళ్ళ వంశాన్ని అప్పగించింది.

కనమారు పత్రం తీసుకుని చూశాడు. "చూశాను. నా కళ్ళతో చూశాను" అన్నాడు. ఆ తర్వాత పడక వైపు తిరిగి రెండు చేతులూ చాపమీద ఆనించి వంగాడు. నుదురు నేలకు తగిలేదాకా వంగి, అలాగే ఉండిపోయాడు. జబ్బుపడ్డ ప్రభువుకు అంతసేపు వంగనక్కర్లేదు. ఎవరికి అంతసేపు వంగుతారో ఆ గదిలో అందరికీ తెలుసు. మూలన ఒమాచి చేతులు జోడించింది.

లేచి వెళ్ళబోతూ ఆయన వెదురు తెర దగ్గర ఆగాడు.

"నిరుడు ఇసొబె వారింట్లో చూసింది చూసినట్టు రాశాను అమ్మగారూ. నా ధర్మం నేను చేశాను. కానీ ఆ తర్వాత ఆ వీధిలోంచి నడవలేకపోతున్నాను." కొంచెం ఆగి, "తెర మళ్ళీ తిప్పకండి. ఆయనకు నచ్చినట్టే ఉండనివ్వండి" అన్నాడు. జరిపి పెట్టిన టీ కప్పు తీసుకుని, నిలబడే ఒక్క గుక్కలో తాగి, వెళ్ళిపోయాడు.

రిత్సు కదలలేదు. పల్లకీ బోయీల అరుపు ముంగిట వినిపించింది, తర్వాత వీధిలో వినిపించింది, ఆ తర్వాత వినిపించలేదు. నెగిషి దుప్పటి కిందనుంచి పాకుతూ బయటికొచ్చి, ప్రభువు కాళ్ళ దగ్గర నుదురు ఆనించి, "క్షమించండి, క్షమించండి" అంటూ ఉండిపోయాడు. గెన్బెయ్ వీధి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఆ కాస్త దూరానికే ఆయన ఆయాసపడుతున్నాడు.

"మలుపు తిరిగారమ్మగారూ. ఇక భయం లేదు. వంశం నిలబడింది." ఆ తర్వాతి మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. ఎలాగో అన్నాడు. "ప్రభువుగారు ఇక... పోవచ్చు."

"అలాగే" అంది రిత్సు.

ఒమాచి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ కలిసి పరుపు రెండు కొసలూ పట్టుకుని తిప్పారు. గెన్బెయ్ సాయం రాబోతే రిత్సు వద్దంది. ఉత్తరానికి తల పెట్టారు. ఒమాచి తన నడుము పట్టీలోంచి చిన్న కత్తి తీసి ప్రభువు గుండెమీద పెట్టింది. ఆ ముసలిది దాన్ని ఇన్నాళ్ళూ ఒంటిమీదే దాచుకుని తిరుగుతోంది.

"ఇక ఏడువు ఒమాచీ. నిన్నెవరూ ఆపరు" అంది రిత్సు.

ఒమాచి నోరు తెరిచింది. శబ్దం రాలేదు. గుండెమీద చేత్తో రుద్దుకుంది, మళ్ళీ నోరు తెరిచింది.

"రావట్లేదమ్మా" అంది భయంగా. "మింగీ మింగీ గడ్డకట్టుకుపోయింది. నా బాబుకి నేను ఏడవలేకపోతున్నానమ్మా."

రిత్సు ఆ ముసలి మొహం వంక చూసింది. ఆ గడ్డ కట్టించింది తనే. తను అన్న ప్రతి మాటా, గిన్నె గిన్నెకూ తాగిన జావా, పళ్ళకు వేసుకున్న రంగూ, అన్నీ ఒక్కటొక్కటిగా ఆమె కళ్ళముందుకు వచ్చాయి. చేసినదానికి పశ్చాత్తాపం లేదు. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ అలాగే చేస్తుంది. కానీ ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరూ అనకూడదని తను శాసించిన మాటను, ముందు ఎవరో ఒకరు అనాలి.

"మా ఆయన పోయారు" అంది.

అలవాటు లేని పరాయి భాషలా వచ్చింది ఆ మాట. ఒమాచి ఆమె మొహంలోకి చూసింది. రిత్సు మళ్ళీ అంది, ఈసారి కొంచెం గట్టిగా. "ఒమాచీ, మా ఆయన పోయారే!" మూడోసారి అనబోయేసరికి మాట విరిగిపోయి, లోపల్నుంచి ఏడుపు పెద్దగా బయటపడింది. ఒమాచిని కావలించుకుని ఆమె వీధి గుమ్మం దాకా వినిపించేలా ఏడ్చింది. అది విని ఒమాచికీ గొంతు వచ్చింది. వంటశాలలో ప్రభువుగారికి సాయంత్రం జావ కాస్తున్నవాళ్ళు ఆ ఏడుపు విని పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశారు.